సొంత దస్తూరీతో

జూన్ 4

ఒరేయ్ బొంగరం,

నిన్ను ఆ తాగుడు మానిపించే కేంద్రం గేటు దగ్గర దింపి, అక్క వెనక్కి తిరిగి కూడా చూడలేదని అనుకునే ఉంటావు. నిజమే, చూడలేదు. చూస్తే నిన్ను బయటికి లాక్కొచ్చేసేదాన్ని. మీ బావ నా చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించాడు. 

నీ ఫోను నా బీరువాలో ఉంది. మూడు నెలలు ఫోను ఇవ్వరట, ఉత్తరాలే రాసుకోవాలట. వచ్చిన కవరు విప్పి లోపల బీడీలూ మాత్రలూ లేవని చూస్తారు గానీ చదవరని ఆఫీసులో చెప్పారు. నీకు రాయడమంటే ఎంత చేదో నాకు తెలుసు. నాలుగు ముక్కలైనా రాయి.

లిఫ్టు కంపెనీవాళ్ళు నీ పనిముట్ల సంచీ ఇంటికి పంపించేశారు. అంటే ఇంక రావద్దనే. ఆ పెద్దాయన కాలు అతుక్కుంటోందట. నేను వెళ్ళి చూసొచ్చాను. మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచిపెట్టి, నిమిషంలో వస్తానని చెప్పి నువ్వు వెళ్ళి బారులో కూర్చున్నావు. ఆయన చీకట్లో అడుగు వేసి, కింద ఆగి ఉన్న లిఫ్టు మీద పడ్డాడు. కేసు పెట్టనన్నాడు. అది ఆయన మంచితనం, నీ అదృష్టం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నెల ఫీజు మేం కట్టాం. కనీసం ఇంకో నాలుగు నెలలు ఉంచాలంటున్నారు. అంత మా వల్ల కాదు. మా ప్రెస్సు కార్మికుల సహాయ నిధి తోబుట్టువుల వైద్యానికి కూడా ఇస్తుంది గానీ, తాగుడు మానిపించడానికి ఇవ్వరట. అది రోగం కాదు, అలవాటు అంటాడు సెక్రటరీ. మీ డాక్టరు వేరే రోగమేదైనా ఉందని కాగితం ఇస్తుందేమో అడుగు. మర్చిపోకు.

నీ అక్క

జూన్ 13

అక్కా,

ఇక్కడ అంతా బాగానే ఉంది. బాగుందంటే, మొదటి నాలుగు రోజులు నేను మనిషిని కాదు, అవి రాయను. గదిలో నాతోపాటు ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. నిద్రలో గేర్లు మారుస్తాడు, నిజంగా, కుడి చెయ్యి కదుపుతుంటాడు. నువ్వు పెట్టిన నీలం చొక్కా ఎక్కడో పోయింది. ఫ్యాను ఊగుతుంటే విప్పి బాగుచేశాను, తిట్టారు, తర్వాత ఆఫీసు ఫ్యాను కూడా చూడమన్నారు.

డాక్టరమ్మ చిన్నావిడే. నన్ను పద్దెనిమిది ప్రశ్నలు అడిగింది. వస్తువులు పారేసుకుంటావా, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరతావా, మొదలుపెట్టిన పని వదిలేస్తావా, ఇలా. పదహారింటికి అవునన్నాను. మిగతా రెండూ అడుగుతుండగా కిటికీ బయట ఎవరో నిచ్చెన తప్పుగా వేస్తుంటే లేచి వెళ్ళిపోయానట. దానికీ ఒక టిక్కు పెట్టుకుంది.

దాని పేరు ఏడీహెచ్‌డీ, మనసూ ఒళ్ళూ ఒకచోట నిలవని జబ్బు. పుట్టుకతో వస్తుందట. ఇది ఉన్నవాళ్ళలో చాలామంది తాగుడులోనో మరోదానిలోనో పడతారట. ఎందుకని అడిగితే, నువ్వు మొదటిసారి తాగినప్పుడు ఏమనిపించిందని నన్నే ఎదురడిగింది. తలలో పది రేడియోలు మోగుతుంటే ఒక్కసారిగా ఎవరో కట్టేసినట్టయిందని చెప్పాను. పంతొమ్మిదేళ్ళ వయసులో మొదటిసారి కుర్చీలో గంటసేపు కూర్చున్నాను అక్కా. అందరూ సరదాకి తాగేవాళ్ళు, నేను కూర్చోవడానికి తాగాను. ఇది ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. ఆవిడ నవ్వలేదు.

తాగుడొక్కటే మానిపించి దీన్ని వదిలేస్తే మళ్ళీ మొదటికే వస్తావంది. చిన్నప్పుడే ఎవరైనా గుర్తించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదట.

డ్రైవరు పిలుస్తున్నాడు, భోజనాల గంట కొట్టారు.

నీ బొంగరం

జూన్ 20

తమ్ముడూ,

నీ ఉత్తరం ప్రెస్సులో మధ్యాహ్నం విరామంలో చదివాను. చదివాక, పుస్తకాలు కుట్టే మిషను మీద రెండు పుస్తకాలు తలకిందులుగా కుట్టేశాను. చిన్నప్పుడే ఎవరైనా గుర్తించి ఉంటే అని రాశావు. ఎవరైనా అంటే ఎవరురా? నాన్నకి బెల్టు తప్ప ఇంకోటి తెలీదు. అమ్మ మంచం దిగలేదు. మిగిలింది నేనేగా. నీ పలక వెతికిందెవరు, నీ చెప్పులు వెతికిందెవరు? నువ్వు మర్చిపోయిన ప్రతిదీ నేను గుర్తుపెట్టుకుంటే, ఇప్పుడు నేను గుర్తించలేదని డాక్టరమ్మ చేత చెప్పిస్తావా?

ఆ పేరు కూడా నాకు నచ్చలేదు. అల్లరికి పేరు పెట్టి రోగం చేశారు. మాత్రలు కూడా ఇస్తారట కదా, ఒకటి మానిపించి ఇంకోటి అలవాటు చేస్తారేమోనని నా భయం. అడిగి కనుక్కో.

అయినా నోరు మూసుకుని సెక్రటరీ దగ్గరికి వెళ్ళాను. పుట్టుకతో వచ్చిన రోగమే అయితే, తాగుడు దానివల్లే అని డాక్టరు రాసిస్తే, నాలుగు నెలలకీ ఇస్తామన్నాడు. మూడు కావాలి. ఒకటి, డాక్టరు కాగితం. రెండు, బడిలో ఉన్నప్పుడే ఇలా ఉండేవాడివని రుజువు. మూడు, చిన్నప్పటి నుంచి నీకు ఎలా ఉండేదో, తాగుడు ఎలా మొదలైందో నువ్వే సొంత దస్తూరీతో రాసిన ఒక పేజీ. మూడూ జూలై 15 లోపు ఇవ్వాలి. ఒక్కరోజు దాటినా మళ్ళీ ఏడాదికే.

రుజువు దొరికింది. ఆరో తరగతి నోటుపుస్తకం, అట్టపెట్టెలో అడుగున ఉంది. మాస్టారు ఎర్ర సిరాతో రాసినవన్నీ ఉన్నాయి. క్లాసులో కూర్చోడు. పెన్ను తేలేదు. మళ్ళీ పెన్ను తేలేదు. ఒక చోట, రాత ముత్యాల్లా ఉంది, మనిషి మాత్రం క్లాసులో లేడు అని రాశాడు. ఆ ముత్యాలు ఎవరివో నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నోటుపుస్తకం ఇచ్చేశాను.

పేజీ రాయి. రాయలేకపోతే చెప్పు, నేను రాసి పంపిస్తాను, చూసి ఎత్తిరాద్దువుగానీ.

అక్క

జూలై 1

అక్కా,

నేను నిన్ను అనలేదు. డాక్టరమ్మ అన్నది నేను రాశాను, అంతే. నువ్వెందుకు మీద వేసుకున్నావో అర్థం కాలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. అల్లరికి పేరు పెట్టారని రాశావు చూడు, ఆ మాట నాన్న నోటివెంట విన్నా అంత బాధపడేవాణ్ణి కాదు.

మాత్రలు మొదలై పది రోజులైంది. అలవాటయ్యే రకం కాదట, తాగుడు ఉన్నవాళ్ళకి చూసుకునే ఇస్తారట. గట్టిగా పనిచేయడానికి నాలుగైదు వారాలు పడుతుందట. ఆకలి తగ్గింది, నోరు ఎండిపోతోంది. కానీ నిన్న డ్రైవరు తన కూతురి గురించి చెబుతుంటే చివరిదాకా విన్నాను. చివర్లో ఆయన ఏడ్చాడు. ఇన్ని రోజులూ ఆ కథ సగంలోనే లేచి వెళ్ళిపోయేవాణ్ణి కాబట్టి ఏడుపు ఉందని నాకు తెలీదు.

డాక్టరు కాగితం ఇందులో పెట్టాను.

వంటగది వెనక మోటారు పాడైతే చూస్తున్నాను. లోపల బేరింగు పోయింది. ఎవరో చవక రకం వేశారు.

బొంగరం

జూలై 8

తమ్ముడూ,

డాక్టరు కాగితం అందింది, ఇచ్చాను. పేజీ ఏది?

ఉత్తరమంతా రెండుసార్లు వెతికాను. కవరు చింపి లోపల కూడా చూశాను. మోటారు ఉంది, బేరింగు ఉంది, డ్రైవరు కూతురు ఉంది. పేజీ గురించి ఒక్క అక్షరం లేదు. రాస్తున్నావా, రాయవా, నన్ను రాయమంటావా? ఇంకో వారమే ఉంది.

నేను మాట అన్నాను, సరే. తప్పే. ఆ కోపం ఈ కాగితం మీద చూపించకు. సెక్రటరీ మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో నాకే తెలీదు. ఫోర్‌మన్ నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటున్నాడు, నా బల్ల మీద కుట్టని పుస్తకాలు గుట్టపడుతున్నాయి. మీ బావ నిన్న మెల్లగా అడిగాడు, రెండో నెల ఫీజు ఎలా అని. 

ఫీజు కట్టకపోతే పదిహేను తర్వాత నిన్ను పంపించేస్తారు. బయట ఏముంది నీకు? వీధి చివర బారు అలాగే ఉంది. ఈసారి ఇంకెవరైనా లిఫ్టులో పడితే, లేకపోతే నువ్వే పడితే, నేను బతకలేనురా.

ఒక్క పేజీ. ఈ ఉత్తరం చదవగానే కూర్చుని రాసి పంపించు.

అక్క

జూలై 12

అక్కా,

నీ ఉత్తరం అందింది. అంత కంగారు పడకు. నాకు కోపమేమీ లేదు.

మోటారు తిరుగుతోంది. కొత్త బేరింగు వేయించాను. వంటావిడ ఈ సంతోషంలో నాకు రెండుసార్లు వడ్డించింది, తినలేకపోయాను. డ్రైవరు వెళ్ళిపోయాడు. వాళ్ళ వాళ్ళు ఫీజు కట్టలేకపోయారట. సంచీ సర్దుకుని, నా మంచం మీద తన దువ్వెన వదిలేసి వెళ్ళాడు. మంచి మనిషి. బయట ఎన్నాళ్ళు నిలబడతాడో తెలీదు. ఇప్పుడు ఆ మంచం ఖాళీగా ఉంది, అటు చూడబుద్ధి కావడం లేదు.

నిన్న పేపరు మొదటి నుంచి చివరి దాకా చదివాను, ప్రకటనలతో సహా. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి. వెళ్ళి డాక్టరమ్మకి చెబితే ఏం చదివావో చెప్పమంది. నాలుగు చెప్పాను.

నీకు ఇంకేదో చెప్పాలనుకున్నాను. కలం పట్టుకోగానే జారిపోయింది. గుర్తొస్తే మళ్ళీ రాస్తాను.

బొంగరం

జూలై 16

తమ్ముడూ,

నీ ఉత్తరం పద్నాలుగున వచ్చింది. మిషను ఆపి విప్పాను. పేపరు చదివావట. సంతోషం. పేజీ లేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి తలుపు వేసుకుని నేనే రాశాను. ఎప్పుడూ రాసినట్టే. ఇన్నేళ్ళయినా నీ నోటుపుస్తకాల రాత నా చేతికి అలాగే వచ్చింది, అక్షరాలు కాస్త కుడికి వాల్చి, వరస తప్పకుండా. కింద నీ సంతకం కూడా పెట్టాను. నిన్న ఆఖరి రోజు, అరపూట సెలవు పెట్టి సెక్రటరీ చేతికిచ్చి వచ్చాను.

ఏం రాశానో నీకు తెలియాలి, ఎవరైనా అడిగితే తడబడకూడదు. చిన్నప్పటి నుంచి నిలకడ లేదని రాశాను. బడిలో నోటుపుస్తకాలు మాత్రం శ్రద్ధగా రాసేవాణ్ణని, చెడు స్నేహాల వల్ల తాగుడు అంటుకుందని, ఇక జన్మలో ముట్టనని. వాళ్ళకి నచ్చేట్టు రాశాను.

నన్ను తిట్టుకోకు. వేరే దారి ఉంటే ఈ పని చేసేదాన్ని కాదు. డబ్బు వస్తుంది, అది తేలేదాకా ఫీజుకి ఆగుతామని కేంద్రంవాళ్ళు ఒప్పుకున్నారు, నువ్వు అక్కడే ఉంటావు. నాకు కావలసింది అదొక్కటే. నిన్న చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

అక్క

జూలై 24

అక్కా,

నేను రాశాను.

జూలై 10నే పోస్టు చేశాను. నేరుగా నిధి ఆఫీసుకే పంపితే రెండు రోజులు కలిసొస్తాయని డాక్టరమ్మ చెప్పింది. తనే అడ్రసు వెతికి ఇచ్చింది. నీకు చెప్పాలనుకున్నది అదే. కలం పట్టుకోగానే జారిపోయిందన్నది అదే.

పద్దెనిమిది రోజులు రాశాను. ఎన్ని కాగితాలు చింపానో లెక్క లేదు. రోజూ డాక్టరమ్మ గది బయట బల్ల మీద కూర్చునేవాణ్ణి. పది నిమిషాలు రాయడం, ఐదు నిమిషాలు నడవడం, మళ్ళీ కూర్చోవడం, అలా నేర్పింది. నా రాత నీకు తెలుసుగా, కోడి కెలికినట్టుంటుంది. ఒక చోట కొట్టివేతలు కూడా ఉన్నాయి. అయినా చివరిదాకా వచ్చింది. కవరు అంటించాక అరగంట చేతిలో పట్టుకుని తిరిగాను. మొదలుపెట్టి నా అంతట నేను పూర్తిచేసింది ఇదొక్కటే.

చెడు స్నేహాలని రాయలేదు. జన్మలో ముట్టనని రాయలేదు, అది నాకే తెలీదు కాబట్టి. కూర్చోవడానికి తాగానని రాశాను. నోటుపుస్తకాల సంగతి కూడా రాశాను. అవి మా అక్క రాసేదని, నాన్న కొడతాడని భయపడి రాసేదని, పన్నెండేళ్ళు రాసిందని. నీమీద చాడీ కాదక్కా. నిజం రాయమన్నారు, రాశాను.

ఇప్పుడు వాళ్ళ దగ్గర రెండు ఉన్నాయి.

తమ్ముడు

జూలై 29

తమ్ముడూ,

నీ ఉత్తరం కంటే ఒకరోజు ముందే సెక్రటరీ నన్ను పిలిపించాడు. బల్ల మీద రెండు పేజీలూ పక్కపక్కన పెట్టాడు, మధ్యలో నీ ఆరో తరగతి నోటుపుస్తకం. భూతద్దం కూడా ఉంది. 

నోటుపుస్తకంతో సరిపోయింది నాదే. నీది సరిపోలేదు. నీది దొంగ కాగితమని, డబ్బు కోసం ఆ కేంద్రంలో ఎవరో రాసి పంపారని ఆయన తేల్చేశాడు. నోటుపుస్తకాలు అక్క రాసేదన్నది, రాత కలవదని తెలిసి ముందే అల్లిన కట్టుకథట. ఇంకా నవ్వాడు కూడా, చూశావామ్మా, దొంగ రాత రాయడం కూడా రాలేదు, ఈ గీతలు ఎవరైనా నమ్ముతారా అని. నేను నీ రాత చూస్తూ కూర్చున్నాను. అది నీదని నా నోటివెంట రాలేదు. వచ్చి ఉంటే అక్కడితో అయిపోయేది. 

ఇప్పుడు ఆయనే అక్కడికి వస్తాడు. రాత మీద నమ్మకం లేదు, మనిషినే అడుగుతానన్నాడు. ఆ వంకర రాత నీదేనా అని అడుగుతాడు. నీదేనంటే నోటుపుస్తకం అబద్ధమైపోతుంది, నా పేజీ ఫోర్జరీ అవుతుంది. సభ్యత్వం తీసేస్తారు, నా ఉద్యోగం పోతుంది, నీ డబ్బూ రాదు. కాదంటే అన్నీ నిలబడతాయి. ఒక్క మాట చాలు.

పక్క మంచంవాడి చేత రాయించానని చెప్పు. ఆ డ్రైవరు ఎలాగూ వెళ్ళిపోయాడు, ఆయనకి ఏ నష్టమూ ఉండదు. కేంద్రం మీదా మాట రాదు. తడబడకుండా ఉండటానికి ఏమేం చెప్పాలో వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. చదివి చింపెయ్.

ఇలా అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను. కోపముంటే నాలుగు నెలల తర్వాత వచ్చి నా ముఖం మీద చూపించు. ముందు అక్కడ ఉండు.

అక్క

ఆగస్టు 9

అక్కా,

నువ్వు రాసిపెట్టిన కాగితం చదవలేదు. ఏం రాసి ఉంటావో తెలుసు. చింపేశాను.

సెక్రటరీ మొన్న వచ్చాడు. డాక్టరమ్మ గదిలోనే కూర్చోబెట్టారు. నా పేజీ నా ముందు పెట్టాడు. నెల తర్వాత చూశాను దాన్ని. ఎవరో మూలన టీ కప్పు పెట్టినట్టున్నారు, గుండ్రంగా మరక ఉంది.

"ఈ రాత నీదేనా?" అని అడిగాడు.

డాక్టరమ్మ నా ముఖంలోకి చూస్తోంది. పద్దెనిమిది రోజులూ నన్ను చూసిన మనిషి ఆవిడ. మధ్యాహ్నాలు తన భోజనం మానుకుని బల్ల పక్కన నిలబడేది.

"కాదండీ," అన్నాను.

ఎవరు రాశారని అడిగాడు. డ్రైవరు పేరు చెప్పాను. బద్ధకమేసి రాయించానన్నాను. నాలాంటివాణ్ణి చాలామందిని చూశానన్నాడు. డాక్టరమ్మ లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. తర్వాత ఆయన నా పేజీ మీద అడ్డంగా గీత గీసి, నేను చెప్పింది తనే కింద రాసుకున్నాడు. సంతకం పెట్టమంటాడేమోనని కలం తీశాను. వద్దన్నాడు. ఇన్ని రాతల మధ్య నీ సంతకం నేను నమ్మను, వేలిముద్ర వెయ్యి అన్నాడు. సిరా డబ్బా తెచ్చుకున్నాడు. నా బొటనవేలు తనే పట్టుకుని అద్దాడు.

నాలుగు నెలలకీ మంజూరైంది. నిన్న కాగితం వచ్చింది. నీ ఉద్యోగం కూడా ఉంటుంది. బావకి చెప్పు.

సెక్రటరీ వచ్చిన రోజు సాయంత్రం తాగాలని ఎంతగా అనిపించిందో, వచ్చిన మొదటి వారంలో కూడా అంత అనిపించలేదు. గోడ దాకా వెళ్ళాను. ఎత్తు తక్కువే, ఎక్కడం కష్టం కాదు. అక్కడే నిలబడి వెనక్కి వచ్చాను. ఎందుకొచ్చానో తెలీదు. రేపు కూడా వస్తానని చెప్పలేను.

డాక్టరమ్మ నాతో మామూలుగానే ఉంది. మాత్రలు ఇస్తోంది, అడిగేవి అడుగుతోంది. కానీ బల్ల మీద కాగితాలు పెట్టడం మానేసింది. నేనూ అడగలేదు.

నువ్వు నన్ను కాపాడావు, ఎప్పుడూ కాపాడుతూనే ఉన్నావు. ఆ మాట అబద్ధం కాదు. కానీ నీకు ఒకటి చెప్పాలి, ఇది జారిపోకముందే. ఇంక నా తరఫున ఏదీ రాయకు. అప్లికేషను కాదు, సంతకం కాదు, మందుల చీటీ మీద పేరు కూడా వద్దు. కొన్నాళ్ళు ఉత్తరాలు కూడా వద్దు. నేను రాస్తాను. ఎప్పుడు రాస్తానో తెలీదు. నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. రాలేదు కదా అని నువ్వు మొదలుపెట్టకు.

నాకు రాయడం వచ్చక్కా. ఆలస్యంగా వస్తుంది, అంతే.

తమ్ముడు